భిక్షం, పింకీ, సున్నమేసిన హద్దురాయి

ఏందే ఇషితా, గా కుక్కకూనను ఎందుకు కొడ్తున్నవ్? చాప మీద పోసిందా? పోస్తది మరి, మూడు నెల్లది, దానికేమెరుక. ముక్కు వట్టి తడిల రాస్తున్నవ్ సూడు, గట్ల జేస్తే అది నేర్సుకునేది ఒక్కటే, నువ్వు సూడంగ పొయ్యొద్దని. రేపట్నుంచి సోఫా ఎన్కకు వొయ్యి కానిస్తది, వాసనొచ్చేదాక నీకు తెల్వది. నాకెట్ల ఎరుకంటవా? నాకు భిక్షం జెప్పిండు. నువ్వు సూసినా యాదికుండదు, వాడు కాలం జేసేనాటికి నువ్వింక పాకుతున్నవ్. కూసో. ఆ గుడ్డ ఆడ పడేయ్, తర్వాత తుడుద్దువు. కుక్కల సంగతిల దూలపల్లి కాడికెళ్లి మేడ్చల్ దాక భిక్షం అసొంటోడు లేడు, నేను జెప్తున్న. ఇప్పుడు ఫోన్ల సూసి నేర్పుతరంట. సూసుకోండ్రి, నాకేం.

భిక్షం కుర్మాయన. నా ఈడోడే, ఒక ఏడు చిన్న. ఆన్కి నూటాయాభై గొర్లుండె. ఈ కాలనీలు, షట్టర్లు ఏం లేవప్పుడు, అన్ని చెల్కలే. పంట కోసినంక భిక్షాన్ని పిలిసి మంద వెట్టిపిచ్చేది. మంద వెట్టుడంటే గొర్లను తెచ్చి మన చెల్కల పండవెట్టుడు. అవి ఏసే పెంట, పోసే ఉచ్చ భూమికి బలం. దానికి వడ్లిచ్చేది, మీ నాయినమ్మ ఇంత పప్పు, ఎల్లిపాయ కారం సుత కట్టిచ్చేది, ఆమె చెయ్యి పెద్దది, నీకు తెల్వది గాని మా ఇంట్ల పదిమంది తింటె పదిహేను మందికి వండేది. ఏం జెప్తున్న? ఆ, మంద. అందరు వెడ్తరు మంద. భిక్షం వెట్టుడు వేరే. కోడికూతకు గొర్లను లేపుతడు, లేపి తోలుకపోడు, ఆడనే నిలవెడ్తడు. గొర్రె లేసినంక జెరసేపు నిలవడ్తెనే కడుపు ఖాళీ జేస్తది. నడిపిచ్చినవో, తొవ్వ పొంటి ఏస్కుంట పోతది, బలం పక్కోని చెల్కకు. భిక్షం గొంగడి కప్పుకోని, కట్టె మీద గదుమ పెట్టుకోని, అన్ని కానిచ్చేదాక కదలకపోయేది. నాకు కోపమొచ్చేది, జల్దీ తోలరా, నాగలి కట్టాలె అంటే, 'మీరు వడ్లిచ్చిండ్రు పటేలా, ఎరువు మీ భూమిల పడాలె' అనేటోడు.

తొంభై అయిదు, ఆరు వచ్చేసరికి నేను చెల్కలు ప్లాట్లు జేసిన. ఒక్కొక్క ప్లాటుకు నాలుగు రాళ్లు, సున్నమేసి వరుసగ పాతిచ్చిన. మస్తు ముద్దుగుండె సూస్తె. గొర్లు మేసే జాగ పాయె. భిక్షం మందను అమ్ముకోని మన అరుగు మీద కూసునేటోడు, కట్టె చేతిల అట్లనే ఉండేది. ఆన్కి ఏదన్న పని సూపెట్టాలని నాకు మనసుల ఉండె. అంతల పేట్ బషీరాబాద్ల నా కాడ ప్లాటు కొన్న ఫణిభూషణ్ సారు వచ్చిండు. కాకినాడ దిక్కోళ్లు, ఏదో కంపెనీల ఆఫీసరు. ఆయన భార్య జానకీదేవి. ఆమె బాసకు మనోళ్లు నవ్వేటోళ్లు, అందుకని ఆమె ఎవ్వరింటికి పోకపోయేది. పొద్దంత ఒక తెల్ల బొచ్చుకుక్కతోని మాట్లాడేది, పింకీ దాని పేరు. మనిషితోని మాట్లాడినట్టే, 'ఏమ్మా, ఎండగా ఉందా' అనుకుంట. ఆ పింకీతోనే వచ్చింది తంట.

ఏం తంట అంటే, పొద్దుగాల సారు దాన్ని తాడుకట్టి బయట తిప్పుతడు. గంట తిప్పినా సుక్క పొయ్యదు. ఇంట్లకు వచ్చి తాడిప్పంగనే నడిమింట్లనే పోస్తది. కార్ల తీస్కపోతె సీటు మీద. సుట్టాల ఇంటికి వోతె ఆళ్ల పట్టుపరుపు మీద. సారు నా ఇంటికి వచ్చి, 'అంజయ్యగారూ, ఇదిక మావల్ల కాదండి. మీరు శామీర్‌పేట షికారుకు రమ్మన్నారు కదా పై ఆదివారం, దీన్నీ తీసుకొస్తాను. అప్పటికీ నేర్చుకోకపోతే ఆ చెరువు కట్ట మీదే వదిలేస్తాను' అన్నడు. గీ మాట ఇంట్ల భార్య ముంగట సుత అన్నడంట. ఆమె రెండు పూటలు అన్నం తినలేదంట. ఇంక పన్నెండొద్దులున్నయ్ ఆదివారానికి. నేను ఏమన్న? సారూ, ఫికర్ జెయ్యకుండ్రి, మనిషిని తోలిస్త అన్న.

భిక్షం వొయ్యిండు. రెండొద్దులు ఏం జెయ్యలే, మెట్ల మీద కూసోని సూసిండు, గంతే. సారు నాకు ఫోన్ జేసి, మీవాడు కాఫీ తాగి కూర్చుంటున్నాడండి అన్నడు. మూడోనాడు భిక్షం నాకాడికి వచ్చి నవ్వుకుంట, 'పటేలా, తప్పు కుక్కది గాదు, సారుది' అన్నడు. ఎట్లరా అంటే, 'అమ్మను అడిగితె జెప్పింది, మొదట్ల అది బయట ఉచ్చ వోసుడే ఆలిశం, సారు ఆఫీసుకు యాళ్లయితాందని ఇంటికి మర్లేటోడంట. పోస్తె తిరుగుడు బందని దానికి సమజయ్యింది. గందుకే ఆపుకుంటాంది' అన్నడు. నేను నోరు తెర్సిన. అంత సదువుకున్న సారుకు తట్టలే సూడు. ఇగ మందకు జేసినట్టే జేసిండు. అది నిద్ర లేవంగనే, తినంగనే, ఆడినంక, మూడు యాళ్లకు బయటికి తేవాలె. నడిపియ్యొద్దు, నిలవెట్టాలె. ఎక్కడ నిలవెట్టాలె? గా కాలనీల చెట్టు లేదు చేమ లేదు, నా రాళ్లు తప్ప. పక్క ప్లాటు హద్దురాయి మొదట్ల, అది పాడుజేసిన గుడ్డపేలిక పెట్టిండు వాసనకు. తాడు వట్టి నిలవడ్డడు. మాట లేదు, గుంజుడు లేదు. అది పోసినంక శబాష్ అని ఈపు నిమిరి, అప్పుడు తిప్పుడు. పోసినంకనే తిప్పుడు. పదో దినానికి పింకీ తెల్లరాయి కనవడితె సాలు, వొయ్యి కానిచ్చి తోకాడిచ్చేది. ఇంట్ల సుక్క లేదు. జానకీదేవి మన ఇంటికి వచ్చి మీ నాయినమ్మకు బొబ్బట్లు ఇచ్చిపోయింది.

ఆదివారం నా జీపుల అందరం పోయినం. చెరువు కట్ట కాడ దిగంగనే భిక్షం దాన్ని ఒక రాయి కాడ నిలవెట్టిండు, అయిపోయింది. బండిల సుత సుక్క పొయ్యలే. సారు మొఖం తేటగయింది, నేను మీసం మెలేస్తున్న. వచ్చేటప్పుడు నా కొత్త వెంచర్ కాడ ఆగినం, ఆనాడే ముహూర్తం. తూర్పు మూలకు మొదటి రాయి పాతి, సున్నమేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు చుట్టిండ్రు. అయ్యగారు మంత్రం సదువుతుండు, కుర్సీలల్ల కొనేటోళ్లు యాభై మంది. నేనే అన్న, భిక్షం, తాడు అమ్మ చేతికిచ్చి టెంకాయల సంచి అందుకోరా అని. వాడటు తిరిగిండు, ఇటు పింకీ ఆమె చేతిలకెళ్లి తాడు గుంజుకున్నది. దానికి తెల్లరాయంటే తెల్లరాయే. ఎంత పద్ధతిగ వొయ్యిందనుకున్నవ్, ఒక్క సుట్టు తిరిగి, బంతిపూల మీదనే కూసున్నది. అయ్యగారు మంత్రం ఆపిండు. కానిచ్చి, మా అందరి మొఖాలు సూస్తాంది, శబాష్ అంటరేమోనని.

నవ్వుతున్నవా? నవ్వు, ఇప్పుడు నాకు సుత నవ్వొస్తది. గానాడు రాలే. కొనేటోళ్లు అపశకునమని గుసగుసలు. నాకు తిక్క లేసింది. భిక్షం మీద చెయ్యెత్తిన. కొట్టలే, కొట్టినంత పనిజేసిన. నలభై ఏండ్లు గొర్ల ఉచ్చను వడ్లిచ్చి పోయిచ్చుకున్నోన్ని, చారెడు కుక్క ఉచ్చకు ఆన్ని అనరాని మాటలన్న. ఇయ్యాల్టి సంది నా గేటు దొక్కకు అన్న, అందరి ముంగట. వాడు నా దిక్కు సూడలే. సారుకు దండం వెట్టి, 'రాయికి రాయికి ఫరక్ నేను నేర్పలే, తప్పు నాది. కుక్క మాత్రం మాట దప్పలే సారూ, దాన్ని ఇడువకుండ్రి' అన్నడు. సారు ఇనలే. పరువు పోయిందాయె. దీన్ని ఇక్కడే వదిలెయ్, బండెక్కు అన్నడు భార్యను. ఆమె తాడు మణికట్టుకు చుట్టుకున్నది. 'మీరు వెళ్లండి. మేం నడిచి వస్తాం' అన్నది. పగటాల ఎండల, పట్టుచీర మీద, రోడ్డు వట్టింది. ఎన్కనే భిక్షం.

పూజ మళ్ల మొదలువెట్టి, నీళ్లు చల్లి అయిపోగొట్టేసరికి గంట. మేము జీపుల వోతె కోసెడు దూరంల దొరికిండ్రు. సారు ఆపుమన్నడు. దిగిండు. ఆమె చేతిల తాడు తీస్కోని, రోడ్డు పక్కన కిలోమీటరు రాయుంటది గదా, దాని కాడ పింకీని నిలవెట్టిండు. మాట లేదు, గుంజుడు లేదు. ఎంతసేపు నిలవడ్డడో. అది కానిచ్చినంక ఈపు నిమిరిండు. 'ఎక్కండి, ముగ్గురూ' అన్నడు. ఇద్దరెక్కిండ్రు. భిక్షం, నేను బస్సుకొస్త సారూ అన్నడు. బండి నాది గదా మరి.

పింకీ తొమ్మిదేండ్లు బతికింది ఆ ఇంట్ల, రాణి లెక్క. భిక్షానికి కాలనీల ఆరు కుక్కల పని దొరికింది, ఎవ్వరింట్ల సుక్క పడనియ్యలే. పొద్దుగాల ఏడింటికి మన గేటు ముంగటికెళ్లే పోయేటోడు. అవతలనే ఆగి, దండం పటేలా, పానం మంచిగున్నదా అని అడిగేటోడు. మంచిగుంది అనేటోన్ని. గేటు మాత్రం దొక్కలే. మీ నాయిన పెండ్లికి మీ నాయినమ్మ వొయ్యి బొట్టు పెట్టి పిలిసొచ్చింది. వచ్చిండు, కొత్త ధోతి కట్టుకోని. గేటు అవతల రోడ్డు మీద కూసోని, విస్తరాకు ఆడికే తెప్పిచ్చుకోని తిన్నడు. అందరు బతిమిలాడిండ్రు. వాడు నా దిక్కు సూస్తుండు, నేను పందిట్ల నిలవడి ఆని దిక్కు సూస్తున్న. లోపటికి రారా భిక్షం అంటే అయిపోవు. నోటిదాక వచ్చింది బిడ్డా. గంతమంది సూడంగ ఎట్ల అంటమని... ఆపుకున్న.