లచ్చవ్వ మన్నుల మక్క

"తాతా, రేపు మేం సూరత్ అవతల ఇచ్ఛాపూర్‌ల కొత్త రూముకు పోతున్నం. ఉన్న ఒక్క మక్క కంకి అట్ల ఎండవెడ్తివేంది? కాల్చుకోని తినకపోయినవా?" అని అడిగిన.

తినుడా! ఏందే బిడ్డా గట్లంటవ్... జర కూసో. ఈ ఉధ్న బస్తీల డాబా మీదికి బట్టలారేయ నువ్వొక్కదానివన్న ఒస్తుంటివి, రేపట్నుంచి గదీ లేదాయె.

ఈ ఇత్తనం మా ఇంటిది, లచ్చవ్వది. కొత్తల మేం బట్ట నేసే సాంచాల పనికి సూరత్ ఒచ్చినప్పుడు, రైలు టికెట్ ముప్పై... కాదు కాదు, నలభై రూపాలేమో, యాదికి లేదు పో, అందరు బట్టలు దెచ్చుకుంటె ఈమె మా ఊరి చెల్కల మన్ను సంచెడు దెచ్చింది. "సూరత్‌ల మన్ను దొరకదా వదినా?" అని మా తమ్ముడు ఎక్కిరిస్తె, "దొరుకుతది, గని అది నన్ను గుర్తువట్టది" అన్నది. గట్లుంటుండె దాని మాట. ఆ మన్నుల ఏటేటా ఒక డబ్బల మక్క, ఒక డబ్బల బంతి పెడ్తుండె.

నిరుడు అది పోయింది. ఈ ఏడు నేనే పెడ్దామని మక్క డబ్బ కదిలిస్తె తెల్లగ బూజు. సాంచాల ముందట ముసలోన్నయితి, బూజంటె నాకు పామే గదా. నూలుకు బూజు తగిలితె సేటు ఎంత లొల్లి జేస్తుండె! ఆ మన్నంత రేకు మీద వోసి, పల్లీలు ఏయించినట్టు ఏయించిన. సాఫయింది అనుకున్న. ఆరు గింజలు వెడితె మొలిచినయ్, జానెడు కాంగనే ఆకులు వంకాయ రంగుకు తిరిగినయ్. గుప్పెడు డీఏపీ ఎరువు ఏసిన. మల్లో గుప్పెడు. మాడిపోయినయ్. దాని చేతి గింజలు ఇంక రెండే మిగిలినయ్, బిడ్డా. రెండంటె రెండే.

ఎందుకిట్లయిందో అడుగుదామని బార్డోలీ బస్సెక్కిన. ఆడ ఎరువుల దుకాణపాయన, గుజరాతీ మనిషి, మంచోడు, చాయ్ తాపిచ్చి చెప్పిండు. "కాకా, అన్ని బూజులు ఖరాబ్ కాదు" అన్నడు. వేరును అల్లుకోని ఒకటుంటదట, కంటికి ఆనదు, మన పోగుకంటె సన్నం. వేరు అందని కాడికి వోయి భాస్వరం దెచ్చి చెట్టుకిస్తదట, చెట్టేమో దానికి తీపి వెడ్తదట. నేను ఏయిస్తె అదీ సచ్చింది. ఇంకోటి జెప్పిండు, కాళ్లకాడ గుప్పెళ్లు గుప్పెళ్లు ఎరువు వోస్తె చెట్టు ఆ దోస్తుకు తీపి వెట్టుడే తగ్గిస్తదట. అన్నీ ఉన్నయి గదా, ఇంక నీతోని ఏం పని అన్నట్టు.

నవ్వొచ్చింది. మల్ల ఏడుపొచ్చింది. లచ్చవ్వ దినాలైనంక ఎవలన్న ఒస్తె నేనూ గంతే గదా... "నాకు అన్నం డబ్బా ఒస్తది, మీరు ఫికర్ జేయకుండ్రి, పోండి" అంటి. పోయిండ్రు. మల్ల రాలే.

బంతి డబ్బ నేను ముట్టలే గదా, అదీ దాని మన్నే. రెండు గింజలు బంతి పక్కపొంటి పెట్టిన. ఎరువు ఏయలే. ఒకటి మురిగింది, ఒకటి నిలవడ్డది. చూడు కంకి, నా పండ్ల లెక్కనే నడుమ నడుమ సందులు. పుప్పొడి రాల్చనీకి తోడు చెట్టు లేకపాయె, ఇంకేం నిండుతది?

ఏది, కొంగు వట్టు. సగం గింజలు నీయి. ఆగు, గుప్పెడు మన్ను గూడ. ఇగో, దీన్ని ఏయించకు. సల్లగుండు బిడ్డా, నీ డబ్బ నిండ కంకులు వెట్టాలె. పెట్టినంక... ఒక్కటన్న నాకు సూపియ్యనీకి ఒస్తవు గదా?