ఝీల్ ఉపవాసం

నైరోబీ దగ్గరి థీకా పట్టణంలో జైనుల పర్యూషణ పండగ నాలుగో రోజు, పొద్దు వాలుతున్న వేళ. వంటింట్లో పళ్ళెం పట్టుకుని ఫాల్గుని, గుమ్మానికి అడ్డంగా ఆమె అత్తగారు కంకుబా, లోపలి గదిలో మంచం మీద తొమ్మిదేళ్ళ ఝీల్.

"అడ్డం లేవండి బా."

"లేవను. ఆ పళ్ళెం అక్కడ పెట్టు."

"లేవండంటున్నాను. కిచిడీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. ఉపవాసంలో ఉన్న పిల్ల ముందుకి పళ్ళెం పట్టుకెళ్తావా? పాపం తగుల్తుంది."

"తగలనివ్వండి. నాకే తగలనివ్వండి. నాలుగు రోజులైంది దాని కడుపులోకి ఓ మెతుకు వెళ్ళి. ఉత్త కాచిన నీళ్ళు. పొద్దున లేపితే గోడ పట్టుకుని నడిచింది. గోడ పట్టుకుని, బా! తొమ్మిదేళ్ళ పిల్ల!"

"నాలుగో రోజు అలాగే ఉంటుంది. రేపటికి ఒళ్ళు తేలికవుతుంది."

"మీకవుతుంది. దాని ఒంట్లో ఇంకా తేలికవడానికేం మిగిలింది? పొద్దు గూకేలోపు నాలుగు ముద్దలు పడకపోతే మళ్ళీ రేపు సూర్యుడు లేచేదాకా ఆగాలి. చీకటి పడ్డాక తినకూడదన్నది మీ ఇంటి నియమమేగా? అందుకే ఇప్పుడే లేవమంటున్నాను."

"గొంతు తగ్గించు. పిల్ల పడుకుంది."

"పడుకోలేదు, పడిపోయి ఉంది. పోయిన నెల నైరోబీలో డాక్టరు ఏమన్నాడో మర్చిపోయారా? రక్తం లేదన్నాడు. వయసుకి తగ్గ బరువు లేదన్నాడు."

"గుడ్డు పెట్టమన్నాడు. జైనుల పిల్లకి గుడ్డు పెట్టమన్నవాడితో నాకేం మాటలు?"

"గుడ్డు వద్దంటే పెసలన్నాడు, శనగలన్నాడు, ఆకుకూరలన్నాడు, నువ్వులన్నాడు. ఏమీ తినకుండా మంచమెక్కించమని మాత్రం అనలేదు!"

"మరి పెట్టావా అవన్నీ?"

"పెట్టానా? నన్నడుగుతున్నారా పెట్టానా అని? పెట్టని రోజేది బా? రొట్టెలో పాలకూర కలిపితే పచ్చగా ఉందని తోసేసింది. శనగపిండి అట్టు పోస్తే వీధిలో ఉండగానే వాసన పట్టేసింది. పప్పులో జీలకర్ర గింజలన్నీ ఏరి పళ్ళెం అంచున చీమలబారులా పేర్చింది. తెల్లన్నం, నెయ్యి, అప్పడం. పెరుగైనా మీగడ తీసేస్తేనే. అవి తప్ప ఇంకేం పెట్టినా పెదాలు కుట్టేసినట్టు కూర్చుంటుంది."

"మా వంశంలో ఇలా ఏరుకునే నోరు ఎవరికీ లేదు."

"అంటే మా పుట్టింటి నోరంటారు."

"నేననలేదు, నువ్వే అన్నావు."

"కిసుమూలో మా ఇంట్లో పెట్టింది తిని లేచేవాళ్ళం. అన్నీ తినేవాళ్ళం."

"అవునవును, అన్నీ తినేవాళ్ళు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప. నేల తవ్వి తీసిందల్లా తినేవాళ్ళు. అందుకేగా కారు సీటు కింద ఆ పొట్లాలు."

"...ఏ పొట్లాలు?"

"దుంప వేపుడు పొట్లాలు. పనిమనిషి వంబుయి కారు ఊడుస్తూ తీసి నా చేతికిచ్చింది."

"అవి స్కూల్లో ఎవరో పిల్లలిచ్చుంటారు."

"చీపురుతో తోస్తే సగం బుట్ట నిండింది. స్కూలంతా కలిసి ఇచ్చారా?"

"నేనే కొన్నాను. సరేనా? నేనే. బడి నుంచి తెచ్చేటప్పుడు దారిలో ఆపి కొన్నాను. అదొక్కటి పెడితే నోరు తెరిచి తిన్నది బా. నవ్వుతూ తిన్నది. మీ ఇంట్లో దుంప అడుగుపెట్టకూడదు కాబట్టి కారులో పెట్టాను. ఏం చేయమంటారు?"

"నియమం తెలిసీ..."

"తెలిసే! మరి మీ సంగతి? పండగ మొదటి రోజు పొద్దున ఏం జరిగింది? అది చెప్పండి ముందు."

"ఏం జరిగింది? ఏమీ జరగలేదు."

"రెండో రోజు నేను కొట్టు నుంచి వచ్చేసరికి దేరాసర్ గుళ్ళో నా కూతురి పేరు మైకులో చదివేశారు. కన్నతల్లిని, నాకు తెలీదు. పక్కింటి రంజన్ గేటు దగ్గర ఆపి, 'ఎంత అదృష్టం, మీ పాప అఠాయికి కూర్చుందటగా, ఎనిమిది రోజులూ నీళ్ళ మీదేనటగా' అంది. నేను వెర్రిదానిలా నవ్వాను."

"అదే కూర్చుంది. నేను కూర్చోబెట్టలేదు."

"అదే కూర్చుందా? ఆ పొద్దున నేను ఖాఖ్రా రొట్టె తుంచి పెడుతుంటే తల తిప్పేసింది. నేను అరిచాను. అరిచాను, కాదనను. మీరేమన్నారు అప్పుడు?"

"పండగపూట పిల్లనేడిపించొద్దన్నాను."

"తరవాత?"

"తరవాతేముంది?"

"తరవాత, బా!"

"...తినకపోతే పోనీ, ఇవాళ్టికి ఉపవాసం అనుకుందాం లే అన్నాను. అంతే."

"అంతే! పిల్ల అన్నం దగ్గర మారాం చేస్తే దానికి మీరు పుణ్యం అని పేరు పెట్టారు!"

"ఒక్కరోజుకనే అన్నాను, ఒట్టు. సాయంత్రం దేరాసర్‌కి తీసుకెళ్తే ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరి పాట పాడారు. ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుని, 'సుఖంగా ఉన్నావా తల్లీ, సుఖంగా ఉన్నావా' అని అడిగారు. నువ్వు దాని మొహం చూడాల్సింది. మర్నాడు అదే నా పక్కలోకి వచ్చి, 'బా, ఇవాళ కూడా ఉంటా, ఎనిమిది రోజులూ ఉంటా' అంది."

"ఉంటుంది. ఎందుకుండదు? పుట్టిన దగ్గర్నుంచీ తినలేదని తిట్లు తిన్న పిల్ల. తినకపోతే దణ్ణాలు పెడుతున్నారు. ఎందుకుండదు!"

"నేనూ తొమ్మిదేళ్ళకే అఠాయి చేశాను. ఏమైపోయాను?"

"మీరు మిగతా రోజుల్లో కడుపు నిండా తినేవారు బా. మీకు తిండంటే ఇష్టం. ఇష్టమైంది వదిలారు, ఉపవాసమైంది. దీనికి తిండంటే శిక్ష. శిక్ష తప్పించుకుని హాయిగా పడుకుంది."

"శిక్ష చేసిందెవరు?"

"ఏంటీ?"

"శిక్ష చేసిందెవరంటున్నాను. ముక్కు మూసి నోట్లో పప్పు కుక్కిందెవరు?"

"ఒకసారి!"

"ఒకసారా?"

"...రెండుసార్లు. రెండుసార్లు."

"చల్లారిన పళ్ళెం ముందు దాన్ని కూర్చోబెట్టి, 'నువ్వు తినకపోతే నేను చచ్చిపోతా' అని ఏడ్చిందెవరు? అది తింటూ తింటూ వాంతి చేసుకుంటే మళ్ళీ గిన్నె నిండా తెచ్చిందెవరు?"

"నేనే! ఈ ఇంట్లో ఇంకెవరికీ పట్టదు కాబట్టి నేనే. మీ అబ్బాయి నిమేష్ కొట్టు మూసి వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. మీరు జపమాల తిప్పుకుంటూ కూర్చుంటారు. దానికి రక్తం లేదంటే నా ఒక్కదానికే నిద్ర పట్టదు."

"నాకు పట్టనిదే, నువ్వు అరిచి అరిచి వెళ్ళాక దాని నోట్లో బిస్కెట్లు పెట్టానా?"

"బిస్కెట్లు? ఎప్పుడు పెట్టారు?"

"ఏడుస్తుంటే పెట్టాను. ఓ రెండు."

"రోజూనా?"

"ఏడ్చిన రోజు."

"అంటే రోజూ! అందుకా మధ్యాహ్నం అన్నం ముట్టనిది! నేను రుచి కుదరలేదని మెంతికూర తీసేసి, ఇంగువ తీసేసి, ఉప్పు మార్చి, పొయ్యి దగ్గర చచ్చేది! మీరు వెనకాల బిస్కెట్లు!"

"అరవకు. ఎదురింటివాళ్ళు వింటారు."

"విననివ్వండి. ఎదురింటివాళ్ళ కోసమేగా ఇదంతా."

"ఆ మాటకి అర్థమేంటి?"

"అర్థం మీకు తెలుసు."

"తెలుసు. విను. ప్రతి పెళ్ళిలో, ప్రతి విందులో నన్నే అడుగుతారు, 'కంకుబా, మీ ఇంట్లో పిల్లకి పెట్టరా' అని. మొన్నామధ్య ఓ పెళ్ళిలో సవిత అందరి ముందూ దాని చెయ్యి పట్టుకుని చూసింది, సంతలో బెండకాయ లేతదో ముదురో చూసినట్టు. నేను తల దించుకున్నాను. అదే సవిత నిన్న వంగి దానికి దణ్ణం పెట్టింది."

"అదన్నమాట."

"అది కాదు."

"అదే! సవిత వంగింది. మీ పగ తీరింది. ఇక్కడ పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయి!"

"నాకు పగా? మనవరాలి మీద పెట్టుకుని పగ తీర్చుకుంటానా నేను? నోరు జారకు ఫాల్గునీ."

"అయితే జరగండి. ఇవాళ ఉపవాసం విడిపించేద్దాం. ఆరోగ్యం బాలేదని చెబుదాం, ఎవరూ ఏమనరు. పెద్దవాళ్ళే మధ్యలో ఆపేస్తారు."

"ఇప్పుడెలా కుదురుతుంది?"

"ఎందుకు కుదరదు?"

"మొంబాసా నుంచి నీ ఆడపడుచు బయల్దేరుతోంది. ఉపవాసం పూర్తయ్యాక ఊరేగింపుకి బండి మాట్లాడాం. పంచడానికి గిన్నెలొచ్చేశాయి."

"రానీండి, గిన్నెలు గిన్నెలే. దాచుకుందాం."

"దాచుకోవడానికి... వాటి మీద చెక్కించేశాం."

"ఏం చెక్కించారు?"

"ఏం చెక్కిస్తారు. అందరూ చెక్కించేదే."

"ఏం చెక్కించారు బా?"

"'ఝీల్ అఠాయి' అని. కింద సంవత్సరం."

"ఎనిమిది రోజుల ఉపవాసం చేసేసిందని, చేయకముందే, స్టీలు గిన్నెల మీద చెక్కించారా? ఎప్పుడిచ్చారు ఆర్డరు?"

"రెండో రోజు."

"రెండో రోజు! ఇంకా ఒకరోజు పూర్తయి రెండోది మొదలైందంతే! ఎవరిచ్చారు?"

"నిమేష్."

"నిమేష్‌కి తెలుసా ఇది?"

"నీకు చెప్పానన్నాడు."

"నాకు చెప్పాడా! చెప్పుంటే ఆ చెక్కేవాడి సుత్తితో... మీ తల్లీకొడుకులిద్దరూ కలిసి... ఇన్ని గిన్నెలు పనికిరాకుండా పోతాయని నా పిల్ల ఇంకో నాలుగు రోజులు పస్తులుండాలా? ఆ గిన్నెలన్నీ తీసుకెళ్ళి రోడ్డు మీద పారేస్తాను. పారేసి, పళ్ళెం తీసుకెళ్తాను. చూస్తూ ఉండండి."

"ఫాల్గునీ, చెయ్యి వదులు."

"మీరు తలుపు వదలండి."

"పళ్ళెం ఒలికిపోతోంది!"

"ఒలకనివ్వండి, గిన్నెలున్నాయిగా, వాటిల్లో ఎత్తి పెడదాం!"

"అమ్మా."

"చూశావా? లేపేశావు. తల్లీ, నువ్వెందుకు లేచావు? కళ్ళు తిరుగుతాయి, ఇలా కూర్చో, నా చెయ్యి పట్టుకో."

"మీరు పట్టుకోకండి బా. ఝీల్, ఇటు రా. ఇక్కడ కూర్చో. నా వైపు చూడు. ఇంక చాలమ్మా. బాగా చేశావు, చాలు. నాలుగు ముద్దలు తినేసెయ్. అమ్మ కోసం."

"అమ్మ కోసమేంటి? ఝీల్, నీకు ఉండాలని ఉంటే ఉండు. ఎవరికీ భయపడక్కర్లేదు. మొక్కుకున్నది నువ్వు."

"చూశారా, మళ్ళీ ఎక్కిస్తున్నారు!"

"నువ్వు పళ్ళెం దాని ముక్కు కింద పెట్టి అడగొచ్చు, నేను నోరు విప్పకూడదా?"

"మీరు నోరు విప్పబట్టే ఇక్కడిదాకా వచ్చింది!"

"నీ చెయ్యి లేవబట్టే వచ్చింది!"

"బా. అమ్మా."

"చెప్పు తల్లీ. నువ్వే చెప్పు. నువ్వేమంటే అదే."

"అవును, దాన్నే చెప్పనివ్వండి. చెప్పమ్మా."

"పళ్ళెంలో ఏముంది?"

"కిచిడీ. మెత్తగా ఉడికించాను. జీలకర్ర లేదు, పచ్చవేమీ లేవు, నెయ్యి..."

"ఆకలేస్తోంది."

"ఏమన్నావు?"

"ఆకలేస్తోంది. నిన్నట్నుంచీ వేస్తోంది. చాలా."

"అయ్యో నా తల్లీ, నిన్నట్నుంచా? రాత్రంతా నీ పక్కనే పడుకున్నాగా, బాకి చెప్పొచ్చుగా! నేనేమైనా అంటానా?"

"నాకైనా చెప్పొచ్చుగా ఝీల్. చూడు, అమ్మ అన్నీ వండి పెట్టేదిగా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరిద్దరూ వచ్చి నా పక్కన కూర్చుంటారుగా."

"కూర్చుంటే ఏమమ్మా?"

"పళ్ళెం అక్కడ పెట్టి, మీరిద్దరూ పెరట్లోకి వెళ్ళిపోండి. తలుపేసేసి వెళ్ళండి. తిన్నాక నేనే పిలుస్తాను."