అంతన్న ఆపిన చివరి రీలు

అధ్యక్షులు రామచంద్రం గారికి, వేదిక మీది పెద్దలకు, బెల్లంపల్లి అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం. మన టాకీసులో ఆడవాళ్ళ గేటు దగ్గర పదకొండేళ్ళుగా టికెట్లు చింపుతున్నాను గాని, "లోపలికి పోండమ్మా" అన్నదానికి మించి నలుగురిలో మాట్లాడింది లేదు. ఈరోజు ఒక సంగతి చెప్పకుండా ఉండలేక, మూడు రోజులు కూర్చుని రాసుకొచ్చాను. చూసి చదువుతాను, మన్నించాలి.

ఇరవై రెండేళ్ళు బొమ్మ వేసే మిషను నడిపి ఈరోజు విరమిస్తున్న అంతయ్య అన్న, ఎండాకాలం ఆ రేకుల గదిలో తడి తువాలు మెడకు చుట్టుకుని నిలబడి, బొమ్మ మసకబారనివ్వలేదని పెద్దలు చెప్పారు. నిజమే. ఆయన బొమ్మ ఆపిన సంగతి నేను చెబుతాను.

రెండేళ్ళ కింద ఒక యుద్ధం సినిమా ఆడింది. పెళ్ళయిన నెలకే సరిహద్దుకు పోయి తప్పిపోయిన సిపాయిని వెదుక్కుంటూ ఒక పిల్ల ఆసుపత్రులన్నీ తిరుగుతుంది. నా బిడ్డ బాలలక్ష్మి రోజూ, ఆడవాళ్ళే ఎక్కువగా వచ్చే పగటి ఆటకు వచ్చేది. మా అల్లుడు సిద్దిరాములు చైనా యుద్ధంలో తప్పిపోయి అప్పటికి నాలుగేళ్ళు.

మనది ఒకటే మిషను గనుక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలుగుతాయి. మొదటి రోజు, ఆ పిల్ల చివరి ఆసుపత్రి మెట్లెక్కగానే దీపాలు వెలిగాయి. "రీలు తెగింది, ఆట అయిపోయింది" అని అంతన్న పైనుంచి కేకేశారు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అక్కడే ఆగేసరికి మన భూమవ్వ లేచింది.

"ఏందన్నా, నీ రీలు ఆడోళ్ళను చూస్తెనే తెగుతదా? రాత్రి ఆటల మా ఇంటాయన మొత్తం చూసొచ్చిండు!" (నవ్వులు) అదిగో, భూమవ్వ ఇప్పుడు కూడా నవ్వుతోంది.

బాలలక్ష్మి నవ్వలేదు. మెట్లెక్కి మిషను గదికి పోయింది. నేను వెనకే పోయాను.

"మామా, గా సిపాయి సచ్చిపోతడా?"

అంతన్న చేతుల నూనె తుడుచుకుంటూ నిలబడ్డారు. "గీ కిటికెలకెళ్ళి నీ మొకం కనబడుతది బిడ్డా. గా ఆఖరు రీలెయ్య నాకు చెయ్యి రాలే."

"వెయ్యి మామా. నేను చూస్త."

ఆయన రీలు ఎక్కించారు. ఆ సిపాయి చనిపోయాడు. నా బిడ్డ కళ్ళు తిప్పకుండా చివరిదాకా చూసింది.



ఆ సాయంత్రం ఇంట్లో స్వామి పటం వెనక దాచిన ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను. సిద్దిరాములు ఇక లేడని సైన్యంలో అతని పల్టన్ నుంచి వచ్చిన ఉత్తరం. అది ఇంగ్లీషులో ఉంది, మా ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చింది నాకొక్కదానికే. మూడేళ్ళ ముందు అది వచ్చిననాడు, "ఇంకా వెదుకుతున్నరట" అని చదివి వినిపించాను. రోజూ దీపం పెట్టి ఆ పటానికే మొక్కాను.

"అవ్వా, మామ మూడొద్దులు ఆపిండు. నువ్వు మూడేండ్లు ఆపినవు" అంది. ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో నాడు, "గోదారికి పోదాం పా, ఆయనకు నీళ్ళు ఇడుద్దాం" అంది. ఇప్పుడు తను దవాఖానలో నర్సు పని నేర్చుకుంటోంది. ఇదంతా సభలో చెప్పమని తనే నన్ను పంపింది.

అన్నా, జాలిపడి దాచడం నాకూ తెలుసు. అడిగిన బిడ్డకు చూపించే ధైర్యం మీ దగ్గర నేర్చుకున్నాను. అందుకు నా దండం. సెలవు.