తోడు లేని టీ

చిక్కడపల్లిలో కింది పోర్షన్ అమ్మాయి ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇవ్వబోతే, మేడమీది ఇంటావిడ అందుకోలేదు. ఓడల్లో పనిచేసిన భర్త బతికుండగా తెచ్చిన రెండు చైనా టీలు కాచి, ఆ పిల్లని కూర్చోబెట్టింది.

"ఇది ఊలాంగ్. ఎలా ఉందమ్మా?"

"పూల వాసనొస్తుంది ఆంటీ. పాలెయ్యలేదా?"

"వేయకూడదట. ఇప్పుడీ పూయెర్ తాగు."

"అమ్మో, తడి మన్ను వాసన! గిదేంది, పులిసిందా?"

"అవును, ఏళ్లతరబడి మాగబెడతారు. ఎంత పాతదైతే అంత రుచని మా ఆయన అనేవారు."

"మరి తోడేమేస్తరు?"

"తోడు వెయ్యరమ్మా."

"తోడు లేకుండ ఎట్లయితది ఆంటీ?"

"అవుతుంది. కాస్త చేదెక్కుతుంది, అంతే. ఇంకో కప్పు పొయ్యనా?"

"కింద ఆటోవాలా లొల్లి చేస్తుండు ఆంటీ."

"ఏది బాగుందో చెప్పి వెళ్లు."

"ఊలాంగే. వస్త ఆంటీ."

తాళంచెవి బల్లమీద పెట్టి ఆ పిల్ల మెట్లు దిగింది. ఇంటావిడ పూయెర్ కప్పును తనవైపు జరుపుకుంది.