‘ఎన్నేళ్లు దాగాలి?’ అని అడిగిన అధికారిణి

మే నెల ముప్పై ఒకటవ తేదీ శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలకు, కార్యాలయపు మూడవ అంతస్తులోని సమావేశ మందిరంలో జరిగిన వీడ్కోలు సభకు సంచాలకులు, క్వాంటం విధాన విభాగపు సిబ్బంది పదకొండు మంది, రికార్డు గది గుమాస్తా గారు, పదవీ విరమణ చేస్తున్న ఉప సంచాలకుల కుమార్తె, ఆమె ఒడిలో ఏడు నెలల పసిపాప హాజరయ్యారు. ముప్పై నాలుగేళ్ల క్రితం, జూన్ మూడవ తేదీన, ఉప సంచాలకులు ఇదే భవనపు నేలమాళిగలో ఉన్న సంకేతలిపి విభాగంలో జూనియర్ సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు.

రాయబార కార్యాలయాలకు వెళ్లే లేఖలను సంకేతలిపిలోకి మార్చడం, వచ్చిన వాటిని విప్పడం ఆ విభాగపు పని. ఇతరులు రోజుకు ఇరవై లేఖలు ముగిస్తే ఉప సంచాలకులు పన్నెండుతో ఆగేవారు. కానీ ఆ పన్నెండులో ఒక్కటీ తప్పుందని తిరిగి వచ్చేది కాదు. పద్నాలుగేళ్ల తరువాత విధాన శాఖకు మారారు. పన్నెండేళ్ల క్రితం ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపు సరిగా పడని ఒక బీరువాతో క్వాంటం విభాగం ఏర్పడినప్పుడు, దాని బాధ్యతను కోరి స్వీకరించారు. ఆనాడు పక్క గదిలోని పరిపాలనాధికారి, “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ విభాగం. ఆ క్వాంటం యంత్రం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు గదా,” అని ఆటపట్టించారు.

“యంత్రం ఇంకా పుట్టలేదండీ, నిజమే. అది పుడుతుందని మన ఉత్తరాలు ఎత్తుకెళ్లి దాచుకునేవాళ్లు మాత్రం పుట్టి చాలా కాలమైంది,” అన్నారు వారు, తల ఎత్తకుండానే.

వారి విధానమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. నేటి కంప్యూటర్లు తెరవలేని సంకేతలిపి తాళాన్ని రేపటి క్వాంటం కంప్యూటరు తెరవగలదు. కాబట్టి నేడు అపహరణకు గురైన లేఖ రేపు చదవబడుతుంది. అందువల్ల ప్రతి దస్త్రంపైనా, కుడివైపు పై మూలన, ‘ఎన్నేళ్లు దాగాలి?’ అన్న గడి గీయించి, అందులో అంకె పడనిదే దానిని బల్ల దాటనిచ్చేవారు కారు. పదేళ్లకు మించి దాగవలసినవన్నీ తక్షణమే, క్వాంటం కంప్యూటరు కూడా తెరవలేని కొత్త తాళాలకు మారాలి. తక్కినవి వంతు వచ్చేదాకా ఆగవచ్చు. సిబ్బంది చాటుగా ‘ఎన్నేళ్ల మేడమ్’ అని పిలుచుకునేవారు. ఆ పేరు వారికి తెలుసు, వద్దనలేదు.

నాలుగేళ్ల క్రితం ఏడు దేశాల చర్చలలో, అందరూ క్వాంటం కంప్యూటర్లకు కావలసిన శీతలీకరణ యంత్రాల అమ్మకంపై ఆంక్షల గురించి వాదులాడుకుంటూ ఉండగా, వారు తొమ్మిది రోజులు ఒకే వాక్యాన్ని పట్టుకుని కూర్చున్నారు: ఏ దేశపు క్వాంటం యంత్రమైనా ఒక నిర్ణీత సామర్థ్యాన్ని దాటబోతున్నప్పుడు, ఆ సంగతి మిగతా దేశాలకు ముందుగా తెలపాలి. “పక్కవాడి దగ్గర అన్ని తాళాలూ తీసే యంత్రముందన్న అనుమానం చాలు సార్. వాడు తాళం తీసేలోపు మనం తుపాకీ తీస్తాం,” అని వారు చెప్పిన మీదట, పదవ రోజున ఆ వాక్యం ఒప్పందంలో చేరింది.

ఇంతటి సునిశిత దృష్టి ఒకచోట తప్పింది. ఆరేళ్ల క్రితం ఆసుపత్రుల ఆరోగ్య పత్రాలకు వారు ‘పదేళ్లు’ అని వేశారు. ఆసుపత్రులు ఆ కాగితాలను పదేళ్లే భద్రపరుస్తాయి గనుక, లెక్క సబబుగానే తోచింది. గత నెల వంటగదిలో వారు గిన్నెలు తుడుస్తూ ఉండగా, కుమార్తె పాప రక్తపరీక్ష నివేదికను బల్లపై పెట్టారు. వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బు లక్షణం అందులో ఉన్నది.

“అమ్మా, ఇది ఎన్నేళ్లు దాస్తారు?”

“పదేళ్లు.”

“అంటే, పదకొండో ఏడు ఎవరైనా చదివేసుకోవచ్చా? దీనికి అప్పటికి పెళ్లీడు కూడా రాదే.”

ఉప సంచాలకులు తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచారు. కాగితపు ఆయుర్దాయం లెక్కించారే గాని మనిషి ఆయుర్దాయం లెక్కించలేదు. ఆ ఆరేళ్లూ ఆసుపత్రుల పత్రాలు పాత తాళాలతోనే ప్రయాణించాయి, పోయినవి పోయాయి.

కార్యాలయపు నియమం ప్రకారం, గడిలోని అంకెను వేసినవారే, తప్పుకు కారణం రాసి, సంతకం చేసి దిద్దాలి. వారు లేకపోతే కొత్త సంఘం వేయాలి. అందుకు రెండేళ్లు పడుతుంది. సభ జరిగిన రోజు ఉదయం, ఆ అంకె తానే దిద్దుతానన్న ఉప సంచాలకులను సంచాలకులు తమ గదికి పిలిచారు.

“మేడమ్, ముప్పై నాలుగేళ్లలో మీ మీద ఒక్క మాట పడలేదు. వెళ్లే రోజున ఎందుకు చెప్పండి? మీ పేరు రాకుండా సంఘంతో చేయిద్దాం.”

“ఆ రెండేళ్లలో ఎంతమంది పిల్లలు పుడతారు సార్?”

“చరిత్రలో ఇదొక్కటే గుర్తుంచుకుంటారు.”

“ఉంచుకోనివ్వండి. అందరినీ ఎన్నేళ్లని నిలదీసినదాన్ని. నా వంతు వచ్చేసరికి తప్పుకుంటే ఏం బాగుంటుంది?”

సంచాలకులు దస్త్రం తెమ్మని గుమాస్తా గారికి కబురు పంపారు.

సభలో ప్రసంగాలు ముగిసి, టీ కప్పులు తీస్తుండగా గుమాస్తా గారు దస్త్రం తెచ్చారు. ఉప సంచాలకులు నిలబడే ‘పదేళ్లు’ కొట్టివేసి, పక్కన ‘నూరేళ్లు’ అని రాశారు. కింద కారణం ఒక్క వాక్యం: ‘కాగితాన్ని చూశాను, మనిషిని చూడలేదు, పొరపాటు నాదే.’

గుమాస్తా గారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. “ఈ నూరేళ్ల మాట మేం మీకు చెబుదామని వచ్చాం మేడమ్. మీరే ముందు రాసేశారు.”

“అయితే మనవరాలికి పోగా మిగిలింది నేను తీసుకుంటాను,” అన్నారు వారు. పాపతో సహా అందరూ నవ్వారు.

సహోద్యోగులందరి కోరికా అదే: ఏ గడిలోనూ అంకె వేయనవసరం లేని తీరికతో, మనవరాలి చదువు సంధ్యలు కళ్లారా చూస్తూ, వారు సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలి. చివరగా వీడ్కోలు పత్రంలోని ఆ మాటలు సంచాలకులు చదువుతూ ఉండగానే ఉప సంచాలకులు సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఆగి, దస్త్రం మూసి గుమాస్తా గారికి అందించారు. ఆయన దానిని తీసుకెళ్లి, తలుపు సరిగా పడని ఆ పాత బీరువాలో పెట్టి, భుజంతో ఒక్కసారి గట్టిగా నెట్టి మూశారు.