విత్తు సజ్జలు

నైజర్‌లో మరాడి దగ్గరి ఒక పల్లె. వానలు ఇంకా పడలేదు. ఊరి విత్తనాల కొట్టుకు కాపలా ఉండే ముసలి హౌవా గడప మీద కూర్చుంది. పొరుగింటి బల్కీ చంకలో బిడ్డతో ఎదురుగా నిలబడింది.

“తాళంచెవి నా దగ్గర లేదని చెప్పాగా!”

“మెళ్ళో వేలాడుతోంది కదా పెద్దమ్మా, కనబడుతూనే ఉంది.”

“కనబడితే? ఇవి తినే గింజలు కావు. విత్తు సజ్జలు. నలభై ఇళ్ళవి.”

“సోలెడు చాలు. అంబలి కాస్తాను.”

“ఇవాళ నీకు సోలెడు, రేపు ఇంకొకదానికి సోలెడు. వాన పడ్డాక ఏం చల్లుతారు, ఇసకా? మొగుడేమీ పంపలేదా?”

“వలసెళ్ళి ఏడు నెలలు. కబురే లేదు.”

“ఆస్పత్రికి తీసుకెళ్ళు మరి.”

“వెళ్ళొచ్చా. పొద్దున్నే వెళ్ళొచ్చా.”

“ఏమన్నారు?”

“పిల్ల చేతికి రంగుల కొలత పట్టీ చుట్టి చూశారు. పసుపు దగ్గర ఆగింది. ఎరుపులోకి వస్తే చేర్చుకుంటారట.”

“ఎరుపులోకి...”

“ఇంకాస్త చిక్కితే, అన్నమాట. చిక్కిన పిల్లలకిచ్చే తిండి పొట్లాలు తక్కువున్నాయట, లారీ రాలేదట. ఆ నర్సమ్మ మొహం చూడలేకపోయా. తనే ఏడ్చేట్టుంది.”

“ఇలా తే పిల్లని. హురేరా... ఏమ్మా, నా వంక చూడవే? ఎప్పట్నుంచి ఇలా ఉంది?”

“నిన్నటి నుంచి ఏడవడం మానేసింది.”

“మానేసిందా?”

“మంచిదేగా, కాస్త నిద్రపోతోంది...”

“మంచిది కాదే! ఏడవడం మానేస్తే మంచిది కాదు.”

“నీకెలా తెలుసు?”

“నీడలోకి రా. పిల్లకి ఎండ తగులుతోంది.”

“పెద్దమ్మా, ఆ తాళం...”

“ఉండవే. ఈ కొట్టు ఎలా మొదలైందో విన్నావా?”

“వినకేం, ఏటా చెప్తారుగా. పెద్ద కరువులో అందరూ విత్తనాలు తినేశారు. నువ్వు ఒక కుండెడు దాచావు, వాన పడగానే పంచావు. ఆ పంటతోనే కొట్టు. ఇప్పుడు మూడూళ్ళకి మనమే ఇస్తున్నాం.”

“నా కూతురి సంగతి చెప్తారా?”

“సాదే సంగతా? జ్వరమొచ్చి పోయిందని...”

“జ్వరమని నేను చెప్పాను.”

“అంటే?”

“కుండ నా చాప కింద పాతిపెట్టా. ఆ చాప మీదే పడుకునేది సాదే, నా పక్కన. నాలుగేళ్ళది. అమ్మా, గింజలేమైనా ఉన్నాయా అనేది. లేవే అనేదాన్ని. రోజూ అడిగేది. రోజూ లేవనేదాన్ని. ఒకరోజు అడగడం మానేసింది.”

“చాలు పెద్దమ్మా.”

“అది పోయిన నాలుగో రోజు వాన పడింది. నాలుగు రోజులే! కుండ తవ్వి తీసి ఇల్లిల్లూ తిరిగి పంచా. నా చేతులు పట్టుకుని ఏడ్చారు, ఊరిని బతికించావన్నారు. నిజమే, బతికారు. నీ మొగుడు ఆ ఏడు పుట్టినవాడే. ఇప్పటికీ ఈ తలుపు తీస్తే చాలు, లోపల్నించి అడుగుతుంది. లేవే అంటాను. ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నా.”

“నేను... నేను వెళ్ళొస్తా.”

“ఎక్కడికే? రా లోపలికి. గిన్నె పట్టు. సోలెడు కాదు, మానెడు పోస్తా. మెత్తగా దంచి పల్చగా కాచు. కొంచెం కొంచెంగా పట్టు, ఒక్కసారే పోసెయ్యకు.”

“నలభై ఇళ్ళవి అన్నావుగా!”

“ఇది నా వాటా. ఈ ఏడు నా చేను చల్లను.”

“మరి నువ్వేం తింటావ్?”

“అది తర్వాత. అదుగో, గింజల చప్పుడుకి కళ్ళు తెరిచింది చూడు.”

“పెద్దమ్మా... సాదే పసిది. కుండ ఉందని దానికి తెలీదు కదా. అమ్మ దగ్గర నిజంగానే లేవనుకుని పోయుంటుంది. నిన్నేమీ అనుకుని ఉండదు.”

“తెలుసే దానికి. చివరి రోజు నా చెవిలో చెప్పింది. అమ్మా, చాప కింద కుండ సంగతి నేనెవ్వరికీ చెప్పలేదు, అని.”