టీచరు ఆడిన ఆట

1994 వేసవి మధ్యాహ్నం, నాచారంలోని వీడియో గేమ్స్ కొట్టులోకి త్రిపురసుందరి టీచరు కోపంగా వచ్చింది. ఆమె చేతిలో పోలీసులకు ఇవ్వడానికి కాలనీవాళ్లు నలభైమంది సంతకాలు పెట్టిన అర్జీ ఉంది.

"బసవరాజు గారూ, ఈ కొట్టు మూసేయండి. మా క్లాసులో పిల్లలు ఒకళ్లనొకళ్లు తన్నుకుంటున్నారు. అడిగితే మీ గేముల్లో నేర్చుకున్నామంటున్నారు."

"మేడమ్, మొదలు బంతి ఆట తెచ్చిన. పోరగాళ్లు రెండు నెలలకే ఇడిసిపెట్టిన్రు. తర్వాత గంతులేసే ఆట తెచ్చిన. ఇప్పుడు అందరు గీ కొట్లాటనే అడుగుతున్రు. మీరు జర ఒక్కసారి ఆడి సూడుండ్రి, అప్పుడు తిట్టుండ్రి."

"నేనా?"

"గీ స్టిక్ పట్టుకోండ్రి. ఎర్ర బటన్ నొక్కితే గుద్దుడు, పచ్చది నొక్కితే తన్నుడు."

"అయ్యో, వాడు నన్ను కొడుతున్నాడండీ!"

"ఎనక్కి జరుగుండ్రి! ఇప్పుడు ఎగురుండ్రి!"

"ఎగిరాను! తగిలింది! పడ్డాడు! మళ్లీ లేస్తున్నాడేంటండీ?"

"ఇడువకుండ్రి మేడమ్! మస్తు ఆడుతున్రు!"

"ఇదిగో, ఇంకోటి! చచ్చాడు వెధవ!"

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు ఒక్క క్షణం నమ్మబుద్ధి కాలేదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లవాడి మీదా చెయ్యెత్తని మనిషి ఆమె. స్టిక్ వదలకుండా అలాగే నిలబడిపోయింది. నవ్వు ఆగడం లేదు.

"గెలిచిన్రు గదా! మల్ల గట్ల నిలబడ్డరేంది?"

"ఇంత బాగుంటుందని తెలీదండీ. అదే నా భయం."

"అయితే అర్జీ ఇస్తరా?"

"ఇవ్వను. కానీ ఈ మిషను లోపలి గదిలో పెట్టండి. పదో తరగతి దాటినవాళ్లనే ఆడనివ్వండి."

"గట్లనే పెడ్త. మరి మీరు?"

"నేను దాటి ఇరవై రెండేళ్లయింది. ఇంకో ఆట పెట్టండి."